బొగ్గు లేబులో డైనోసార్ల కాలపు పన్ను

ఎనభైల చివర్లో నన్ను రాయచూరు జిల్లాలోని ఒక థర్మల్ విద్యుత్ కేంద్రానికి అసిస్టెంట్ కెమిస్టుగా వేశారు. వ్యాగన్లలో వచ్చే బొగ్గులో తేమ ఎంత, బూడిద ఎంత అని తేల్చి సంతకం పెట్టడం నా పని. వ్యాగనెడు బొగ్గును ఎవరూ పరీక్షించలేరు. అందుకని శాంపిలును నలగ్గొట్టి, కుప్ప పోసి, పైన అదిమి, బద్దతో నాలుగు భాగాలుగా గీసి, ఎదురెదురుగా ఉన్న రెండింటిని తీసేస్తాం. మిగిలినదాన్ని కలిపి మళ్లీ అంతే. దీన్ని క్వార్టరింగ్ అంటారు. తీసేసింది రిజెక్ట్, అది బెల్టు మీదుగా బాయిలరులోకి పోతుంది. ఇంట్లో కందిపప్పును కూడా ఇలాగే పారబోస్తానేమోనని మా ఆవిడ దెప్పేది.

ఒక వేసవిలో వసంత అనే పరిశోధక విద్యార్థిని హైదరాబాదు నుంచి వచ్చి, మా చీఫ్ కెమిస్టు అనుమతితో ఎనిమిది బస్తాల మట్టి దింపింది. మా దగ్గర సన్న జల్లెళ్లు, ఓవెన్ ఉన్నాయి మరి. జిల్లా పొలిమేర అవతల ఒక రైతు బావి తవ్వుతుంటే, రెండు లావా పొరల మధ్య బయటపడిన మట్టి అది. బావికి రాతికట్టు కూడా అయిపోయింది. ఇంకో తట్టెడు కావాలన్నా దొరకదు. ఆమె వెతుకుతున్నది డైనోసార్ల కాలంలో బతికిన చుంచెలుకంత జంతువు పన్ను. ఎముకలు పోయినా పళ్లు మిగులుతాయట. ఆవగింజంత పన్ను ఒక్కటి దొరికితే ఆమె సిద్ధాంత గ్రంథం నిలబడుతుంది. లేకపోతే ఆ ఏడాదితో ఫెలోషిప్ ఆఖరు.

మట్టిని ఆరబెట్టి, కిరోసిన్‌లో నానబెట్టి, నీళ్లు పోస్తూ జల్లెళ్లలో కడిగింది. మూడు వారాలకు బస్తాలన్నీ కలిసి ఒక బేసినెడు రవ్వ మిగిలింది. ఇక దాన్ని మైక్రోస్కోపు కింద గింజగింజా చూడాలి. ఆలోగా మాన్విలో మేనత్త కూతురి పెళ్లి ఉందని రెండు రోజులు వెళ్లింది.

పాపం పిల్ల, ఇదంతా చూస్తే కళ్లు పోతాయి, కాస్త సాయం చేద్దామనుకున్నాను. బేసిన్ బోర్లించి రెండుసార్లు క్వార్టరింగ్ చేశాను. మిగిలిన నాలుగో వంతును సీసాలో పోసి, లేబులు అంటించి, సంతకం కూడా పెట్టాను.

తిరిగొచ్చిన వసంత సీసా చూసి, "మిగతాది ఏది సార్?" అంది.

"రిజెక్ట్" అన్నాను, పెద్ద ఘనకార్యం చేసినట్టు.

ఆ పిల్ల స్టూలు మీద కూలబడింది. "బొగ్గుల బూడిద అంతటా ఉంటది సార్. నా పన్ను ఒక్కటే ఉంటదేమో."

రిజెక్టు తొట్టి ఆ పొద్దున్నే బెల్టు దగ్గరికి పోయింది.

లేబు ఊడ్చి రిజెక్టు మోసే ఎల్లమ్మ కోసం పరుగెత్తాను. సరిహద్దు పల్లె మనిషి. బూడిద శాతం పెరిగిన ప్రతిసారీ నా చేత చీవాట్లు తిన్నది ఆమే.

"గా మట్టా? బొగ్గుల గలపలే సారూ" అంది. "మట్టి గలిస్తే బూడిద ఎక్కువొస్తదని తిట్టేది మీరే గద! సంచిల గట్టి మెట్ల కింద పెట్టిన. ఏంది, గిట్ల ఉరికొస్తిరి?"

నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు చేతులూ జోడించాను. ఆమె "అయ్యో, ఏంది సారూ గిది!" అంటూ వెనక్కి జరిగింది.

ఐదు రోజులు వసంత మైక్రోస్కోపు వదల్లేదు. నా సంతకం ఉన్న సీసాలో గుల్ల ముక్కలు, చేప పళ్లు తప్ప ఏమీ లేవు. ఆరో రోజు ఎల్లమ్మ కట్టిన సంచిలో, మూడు మొనలు తేలిన గోధుమరంగు పన్ను దొరికింది. "ఇదే సార్, ఇదే!" అని కేక పెట్టింది. ఎల్లమ్మ కూడా ఒక కన్ను మూసి చాలాసేపు చూసి, "గింత పంటికి గింత తిప్పలా బిడ్డా!" అంది. ముగ్గురం నవ్వాం.

సిద్ధాంత గ్రంథం కృతజ్ఞతల్లో వసంత ఎల్లమ్మ పేరు రాసింది, కింద నాది కూడా. నా పేరు తీసెయ్యమని ఉత్తరం రాశాను. ఎల్లమ్మకు మట్టికీ బొగ్గుకూ తేడా చెప్పింది మీరే కదా సార్ అని జవాబు రాసింది. ఆ ఉత్తరం దాచుకున్నాను.

క్వార్టరింగ్ తప్పు పద్ధతేమీ కాదు. బొగ్గుకు చివరిదాకా అదే చేశాను. అంతటా ఉన్నదాని సంగతి ఒక భాగం చూస్తే తెలుస్తుంది. ఒక్కటే ఉన్నదాని సంగతి తెలియదు. ఎదుటివాళ్లు ఏం వెతుకుతున్నారో అడక్కుండా వాళ్ల శాంపిలు మీద చెయ్యి వెయ్యకూడదు. పదవీ విరమణ దాకా మళ్లీ వెయ్యలేదు.