పసుపు పూసిన స్వైపింగ్ మిషన్

మా ఇంటి కింద పిన్ని బట్టల కొట్టు. పిన్ని అంటే నాకు చుట్టం కాదు, ఇల్లు గలావిడ. విశాఖ మల్కాపురంలో మా వీధి వీధంతా ఆవిడ్ని అలాగే పిలుస్తుంది. ఆవిడ పైవాటాలో అద్దెకుంటూ, రిఫైనరీ జీతం తింటూ, పండక్కి బట్టలు మాత్రం పెద్ద షాపులుండే ద్వారకా నగర్‌లో కొన్నాను. ఎంత సిగ్గులేనితనం! సంచులతో మెట్లెక్కుతుంటే పిన్నికి దొరికిపోయాను.

"ఏటి బాబూ, మన కొట్లోవి గుడ్డలు కావేటి?"

"కార్డు మిషనెట్టు పిన్నీ. మా షిఫ్టోళ్ళందరిదీ అదే గోల."

"అడిగినోడు ఒక్కడున్నాడేటి? ఇంకో రెండు నెల్లు ఇలాగే ఉంటే కొట్టు మూసీడమే."

ఆ చివరి మాటకి నాకు అన్నం సహించలేదు. డ్యూటీలో మావాళ్ళని నిలదీశాను. "అక్కడ మిషనే లేదు కద బావా, అడిగీదేటి?" అన్నారు. మిషన్ లేదని వీళ్ళు అడగరు, వీళ్ళు అడగలేదని ఆవిడ పెట్టదు. ఇలాగైతే కొట్టు మూతే. అందుకని ఒక పని పురమాయించాను. కొట్టు ముందు నుంచి పోయే ప్రతివాడూ లోపలికి తొంగిచూసి, కార్డు తీసుకుంటారా అని అడిగి పోవాలి.

మావాళ్ళు అతి చేశారు. కార్డు లేనివాళ్ళు కూడా అడిగారు. ఒకడైతే హెల్మెట్ పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి అడిగాడు. వారం తిరక్కుండా పిన్ని బ్యాంకుకి పరుగెత్తింది.

మిషన్ వచ్చిన రోజు షిఫ్టు దిగి పదిమందిమి వెళ్ళాం. పిన్ని దానికి స్నానం ఒక్కటే చేయించలేదు. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ కట్టి హారతిచ్చింది. దసరాకి పంపులకీ క్రేన్లకీ మేమూ అదే చేస్తాం కనుక ఎవరికీ తప్పనిపించలేదు. చొక్కా గుడ్డ కొని కార్డు గుచ్చాను. పచ్చగా బయటికొచ్చింది. మళ్ళీ గుచ్చినా చదవలేదు. పసుపు లోపలిదాకా పోయింది! పిన్ని మొహం వాడిపోయింది. ఒకడు ఉఫ్ఫుమని ఊదాడు, ఒకడు టూత్‌బ్రష్ పట్టుకొచ్చాడు. మూడోసారికి కీచుమని చీటీ వచ్చింది. ఇక చూడండి, ఈలలే ఈలలు! వేడుక చూడ్డానికొచ్చినవాళ్ళు కూడా తువ్వాళ్ళు కొన్నారు.

మిషనుందని తెలిశాక డబ్బుల్లేకుండా కార్డు ఒక్కటే పట్టుకొచ్చి కొనేవాళ్ళు ఎక్కువయ్యారు. అది చూసి ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ కొట్టతనూ మిషన్ పెట్టాడు. పిన్ని గొడవకి దిగుతుందని భయపడ్డాను. దిగింది కూడా. అయితే అతనితో కాదు, ఇంకా మిషన్ పెట్టని చెప్పుల కొట్టాయనతో.

"సెప్పుల కోసం ఒకడు ద్వారకా నగర్ ఎల్లాడంటే సీర కూడా అక్కడే కొనీసి వత్తాడు. నువ్వొక్కడివి ఎట్టకపోబట్టి మా అందరి బేరాలూ పోతన్నాయి, తెలుత్తందా?"

ఆయన బిక్కమొహం వేసి బ్యాంకుకి బయల్దేరాడు. దారిలో ఎక్కడ వెనక్కి తిరుగుతాడోనని, కొట్టు నాకు అప్పజెప్పి పిన్ని కూడా వెంట నడిచింది. ఆ సంతోషంలో నేను రెండు చీరలు తప్పు ధరకి అమ్మేశాను.