అడగకూడనివి తెలుసుకోవడానికి మూడు పుస్తకాలు

లెక్కల పాఠ్యపుస్తకం తప్ప ఇంకో పుస్తకం డబ్బు పెట్టి కొన్న పాపాన నేనెప్పుడూ పోలేదు. అలాంటిదాన్ని, మా తమ్ముడు శ్రీలంక అమ్మాయిని పెళ్లి చేసుకుంటానన్న వారానికే విజయవాడ గవర్నర్‌పేటలో పుస్తకాల షాపు మెట్లెక్కాను. ఇద్దరూ చెన్నైలో ఒకే ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు. అమ్మాయిది జాఫ్నా వైపు తమిళ కుటుంబం, మాలాగే చర్చికి వెళ్లేవాళ్లు. తమ్ముడు ఫోన్లో చెప్పిన సంగతొకటి నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. "అక్కా, యుద్ధంలో వాళ్లన్నయ్య తప్పిపోయాడంట. ఇప్పటికీ జాడ లేదు. మనవాళ్లతో కాస్త జాగ్రత్త."

మనవాళ్ల సంగతి నాకు తెలియంది కాదు. మా వైపు కొత్తకోడలు మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టకముందే "మీరెంతమందమ్మా? అన్నదమ్ములేం చేస్తుంటారు?" అని మొదలుపెడతారు. మా పెద్దమ్మయితే ముత్తాతల దాకా వెళ్లిగాని వదలదు. ఆ ప్రశ్నలకి ఈ పిల్ల మా ఇంట్లో కన్నీళ్లు పెట్టుకోకూడదు, నాకు కావలసిందల్లా అదే. ఏం అడగకూడదో తెలియాలంటే ముందు అక్కడేం జరిగిందో తెలియాలి కదా.

"శ్రీలంక అంతర్యుద్ధం మీద మంచి పుస్తకం ఒకటి ఇవ్వండి" అన్నాను షాపాయనతో.

"ఎవరి వైపుదండీ?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నిజం వైపుది ఇవ్వండి."

ఆయన నవ్వలేదు. "అది ఒక్క పుస్తకంలో దొరకదండీ. మూడన్నా చదవాలి" అని మూడు తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి రిటైరైన సైనికాధికారిది, ఒకటి విలేకరిది. మూడోది పిల్లల్ని చంకనేసుకుని ఊరి మీద ఊరు మారిన ఒక తల్లి జ్ఞాపకాలు. అమ్ముకునేవాడు అలాగే అంటాడులే అనుకున్నాను. అయినా అక్కడే నిలబడి, యుద్ధం చివర్లో ఒకే వారం గురించి మూడింట్లోనూ వెతికాను. అధికారికి ఆ వారం విజయం. విలేకరి ఆ వారం ఎవరి మాటా నమ్మలేకపోయాడు. తల్లికి ఆ వారమంతా పాలపొడి దొరకలేదు. మారుమాట్లాడకుండా మూడూ కొన్నాను.

పటమటలో మా ఇంటికి తెచ్చి, ఎవరి కంటా పడకుండా అట్టలు వేసి, లెక్కల టీచర్నే కదా అని పైన 'పదో తరగతి గణితం' అని రాశాను. ఆ అధికారి మీద కోపం తెచ్చుకుందామనే చదవడం మొదలుపెట్టాను. తన కింద పనిచేస్తూ చనిపోయిన కుర్రాళ్లను ఒక్కొక్కరినే వాళ్ల ఇళ్లకు తీసుకెళ్లి అప్పగించిన పేజీలు వచ్చేసరికి ఆ కోపం నిలవలేదు. తల్లి పుస్తకం మాత్రం చదవలేక రెండుసార్లు మూసేశాను.

పెళ్లి నాటికి నా ఆంక్షలు సిద్ధం. అన్నదమ్ముల ఊసెత్తొద్దు. ఊరి గురించి అడగొద్దు. క్రిస్మస్‌కి మన వాకిట్లో టపాసులు కాల్చొద్దు.

"ఇంకేం మాట్లాడాలే? కూరేం వండావనా?" అంది పెద్దమ్మ.

"అదే అడుగు. చాలు."

తమ్ముడికి ఇక్కడే ఉద్యోగం దొరికి, ఇద్దరూ మా పై వాటాలో దిగారు. ఆరు నెలలు మావాళ్లంతా నోరు కట్టేసుకున్నారు. మరదలు రోజురోజుకీ ముభావంగా అయిపోతుంటే, అది ఆ పాత దుఃఖమేననుకున్నాను. దాన్ని ఎవరూ కదపకుండా కాస్తున్నానని లోలోపల గర్వం కూడా.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెద్దమ్మ, మరదలు వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు. పెద్దమ్మ ఉండబట్టలేక అడిగేసింది: "ఏమే అమ్మాయ్, మీరు మొత్తం ఎంతమందే?"

వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చాను. అప్పటికే మరదలి చేతిలో కాయ ఆగిపోయింది.

"నలుగురం అత్తయ్యా. అన్నయ్యే పెద్ద" అంది.

ఇంక ఆగలేదు. సగం తెలుగు, సగం ఇంగ్లిషు. సైకిల్ ముందు కడ్డీ మీద తనను కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లేవాడట. గొంతు బాగోకపోయినా చర్చిలో అందరికన్నా గట్టిగా పాడేవాడట. చెబుతూ నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది. పెద్దమ్మ "ఊఁ, ఆ తరవాత?" అంటూనే ఉంది. ఆ పిల్ల అంతసేపు మాట్లాడటం నేను చూడటం అదే మొదలు.

చివరికి నా వైపు తిరిగింది. "వదినా, ఆ లెక్కల పుస్తకాలు నేను వచ్చిన నెలలోనే చూశాను. మా గురించి అంత చదివారు. నన్నెందుకు ఒక్క మాట అడగలేదు? కూరేంటి, తిన్నావా, అంతే. మా వాళ్ల సంగతి మీకెవరికీ అక్కర్లేదేమో అనుకున్నాను."

సిగ్గేసింది. మూడు పుస్తకాలూ అక్షరం వదలకుండా చదివాను, ఈ పిల్ల అన్న పేరు మాత్రం నాకు తెలియదు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"మీ అన్నయ్య పేరేంటమ్మా?"

చెప్పింది. నాకు సరిగ్గా పలకడం రాలేదు. వచ్చేదాకా మళ్లీ మళ్లీ చెప్పింది.