సుగుణమ్మ టీచరుగారి పుస్తకంలో మొదటి పేజీ

సుగుణమ్మ టీచరుగారి నోటుపుస్తకంలో పేరెక్కితే ఏడాది తిరక్కుండా ఆ ఇంట్లో చావు వస్తుందని దివిసీమలోని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. చావు రాని ఇల్లు ఒక్కటి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను. చివరికి ఆవిడకు మతి చెడి, లేని నవ్వులు వినిపించేవని కూడా అంటారు. ఈ రెండో మాటని మాత్రం మునుపటంత గట్టిగా కొట్టిపారేయలేకపోతున్నాను.

మొన్న గుడివాడ వెళ్ళాను. మా కాలేజీలో నాతోపాటు పాఠాలు చెప్పే అమ్మాయి భర్త పోయాడు. మిట్టమధ్యాహ్నం. హాల్లో అద్దెకు తెచ్చిన ఫ్రీజరు పెట్టె గుర్రుమంటోంది. అద్దం మీద నీటిబొట్లు, గదంతా వాడిపోతున్న చామంతుల వాసన. ఒక పెద్దావిడ ఆ అమ్మాయి వీపు నిమురుతూ, "దేవుడు మోయలేని బరువు పెట్టడమ్మా" అంది. అదే క్షణంలో కరెంటు పోయి పెట్టె ఆగింది. ఆ నిశ్శబ్దంలో నా తల దానంతటదే గుమ్మం వైపు తిరిగింది, అక్కడెవరో నవ్వినట్టు. టీచరుగారి తల అచ్చం అలాగే తిరిగేది.

ఆవిడ మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఆదివారాలు చర్చిలో పిల్లలకు బైబిలు చెప్పేది. ఎవరు ఏ భక్తిమాట అన్నా ఆవిడ అడిగేది ఒక్కటే: "ఎక్కడుంది?" ఒకసారి సంఘపెద్ద ప్రసంగం మధ్యలో, తనకు తాను సాయం చేసుకునేవాడికే దేవుడు సాయం చేస్తాడని బల్ల గుద్ది చెప్పాడు. ఈవిడ ఆడవాళ్ళ వైపు నుంచి లేచి నిలబడింది.

"ఎక్కడుందండీ అది?"

"సామెతల గ్రంథంలో ఉంటుందిలెండి టీచరుగారూ."

"ముప్పై ఒక్క అధ్యాయాలేగా. వచ్చే ఆదివారానికి వెతుక్కురండి."

తీరా ఆ ఆదివారానికి ఆయనకు జ్వరం వచ్చింది. పిల్లలం పడీపడీ నవ్వుకున్నాం. ఏమీ చేతకానివాళ్ళ కోసమే వచ్చానని చెప్పినవాడి పేరు మీద ఇలాంటి మాట చలామణీ చేయడమేమిటని ఆవిడ కోపం. నాకు ఎదురు వాదించడం నేర్పింది ఆవిడే. మా ఆయన ఆవిణ్ణి క్షమించలేదు, అది వేరే సంగతి.

మా అమ్మ మరియమ్మ మాత్రం చర్చి మెట్ల దగ్గరే ఆగిపోయేది. నాకు మూడేళ్ళప్పుడు మా తమ్ముడు, పాలు తాగే బిడ్డ, జ్వరంతో పోయాడట. అప్పటినుంచీ అమ్మ లోపలికి రాలేదు. ఎందుకని అడిగితే "లోపల ఉక్కగా ఉంటుందే" అనేది, డిసెంబరులో కూడా. కిటికీలోంచి టీచరుగారు ఆ మెట్ల వైపు చూస్తూ పాఠం మధ్యలో ఆగిపోవడం నాకు గుర్తుంది.

నేను బందరులో డిగ్రీ చదివేటప్పుడు టీచరుగారి భర్త హఠాత్తుగా పోయారు. పరామర్శకు వెళ్ళి, చదువుకున్నదాన్ని కదా, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను: "దేవుడు మోయలేని బరువు పెట్టడు టీచర్."

ఆవిడ దిండు కింద నుంచి ఆ నోటుపుస్తకం తీసి, పెన్ను విదిలించి నా మాట రాసుకుంది.

"ఎక్కడుందే రూతూ?"

"కొరింథీయుల పత్రికలో..."

"అక్కడున్నది శోధన సంగతి. పాపంలో పడకుండా తప్పించుకునే దారి చూపిస్తాడని. బరువు సంగతి రెండో పత్రిక మొదట్లోనే ఉంది, పోయి చదువు. శక్తికి మించిన భారం పడి, బతుకుతామన్న ఆశే వదులుకున్నామని ఆ ఉత్తరాలు రాసిన పౌలే చెప్పుకున్నాడు. నువ్వు ఆయన కంటే గట్టిదానివా?"

అంతలో ఆవిడ తల గుమ్మం వైపు తిరిగింది. "నవ్వు వినిపించిందా నీకు?"

గుమ్మంలో ఎవరూ లేరు. ఎండలో ఆరేసిన చీర ఒకటి కదులుతోంది, అంతే. నేను ఇంటిదాకా వెనక్కి చూడకుండా నడిచాను.

మా అమ్మ పోయినప్పుడు టీచరుగారు పొద్దున్నే వచ్చి శవం పక్కన కూర్చుంది. సమాధికి ఎత్తేదాకా కదల్లేదు, పెదవి విప్పలేదు. అమ్మ నోటి వైపే రెప్పవేయకుండా చూస్తూ ఉండిపోయింది, అది ఇప్పుడు కదులుతుందన్నట్టు. ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. నేను తట్టుకోలేక, "ఏదన్నా చెప్పండి టీచర్" అన్నాను.

"బిడ్డల్ని పోగొట్టుకున్న యోబు దగ్గర స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకుని కూర్చున్నంతసేపూ మంచివాళ్ళే. నోరు తెరిచాకే చెడింది. నువ్వు రెండు ముద్దలు తిను."

నిరుడు ఆవిడా వెళ్ళిపోయింది. ఆ పుస్తకం ఇంట్లో ఉంచుకోవడానికి భయపడి వాళ్ళ మేనకోడలు నాకు తెచ్చిచ్చింది. ప్రతి పేజీలో నాలుగు గడుల్లో నాలుగు సంగతులు: మాట, అన్నవారు, విన్నవారు, విన్నవారు ఏం చేశారు. నా పేరు వెతికాను. నా మాట, నా పేరు, "నేను" అని ఆవిడ, ఆ పక్కన: "ఏడుపు మింగేశాను." ఓదార్చానని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

తర్వాత మొదటి పేజీ తిప్పాను. సిరా వెలిసిపోయింది. మాట: దేవుడు మంచి పువ్వునే ముందు కోసుకుంటాడు. అన్నవారు: నేను. విన్నవారు: మరియమ్మ, బిడ్డ ఒళ్ళో ఉండగా. ఏం చేసింది: నవ్వింది.

అంటే ఊరి తప్పులు రాయడానికి కాదు, టీచరుగారు తన తప్పుతోనే మొదలుపెట్టిన పుస్తకం అది.

నేనిప్పుడు చావు ఇళ్ళకు వెళ్తే మాట్లాడను. మంచినీళ్ళు అందిస్తాను, కూర్చుంటాను. గుడివాడలోనూ అంతే చేశాను. కరెంటు వచ్చి పెట్టె మళ్ళీ గుర్రుమనేదాకా ఆ అమ్మాయి చెయ్యి పట్టుకునే ఉన్నాను, కళ్ళు మాత్రం గుమ్మం మీదే. మా అమ్మ నవ్వగా నేనెన్నోసార్లు విన్నాను. టీచరుగారు జీవితమంతా విన్న నవ్వు అది కాదని తెలుసు. చెప్పగలిగిన ఇద్దరూ పక్కపక్క సమాధుల్లో ఉన్నారు. చనిపోయిన బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, దేవుడి పేరు మీద ఆ మాట విని, మా అమ్మ నవ్వింది టీచరుగారిని చూసా, దేవుణ్ణి చూసా?