బయటికి వెళ్లి వస్తేనే కొత్త లిమిట్

మా కోడలు మెట్‌పల్లిలో మా ఇంట్లోనే ఉండి హైదరాబాద్ కంపెనీ కంప్యూటర్లను చూసుకుంటుంది. ఈ రోజు పొద్దున వాటిలో ఒకటి మొండికేసింది. అది లైనక్స్‌దట. ఒకేసారి ఇన్ని ఫైళ్లే తెరవాలని దానికో లిమిట్ ఉంటుందట. అది నిండిపోయి పని ఆగింది. మధ్యాహ్నంలోగా బాగు చేయకపోతే రేపటి నుంచి హైదరాబాద్ ఆఫీసుకే రమ్మని ఆమె పై అధికారి ఫోన్‌లో గట్టిగా చెప్పాడు.

కోడలు లిమిట్ పెంచింది. అయినా అదే గొడవ. నేను చాయ్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

“ఏమైంది బిడ్డా?”

“లిమిట్ పెంచిన మామా. గని పాతదే నడుస్తున్నది.” అంతలోనే నెత్తి కొట్టుకుంది. “అయ్యో, నేను పొద్దుగాల్నుంచి దాంట్ల లాగిన్ అయి లోపల్నే ఉన్న! లోపటికొచ్చేటప్పుడే గా కంప్యూటర్ లిమిట్ చూస్తది. బయటికి పోయి మళ్ల రావాలె.”

“బయలెల్లంగ ఎవలన్న తుమ్మితే ఇంట్లకు మర్లొచ్చి, జరసేపు కూసోని మళ్ల పోతం గదా. గట్లనా?”

“అచ్చం గట్లనే మామా!” అని పడి పడి నవ్వింది.

లాగౌట్ అయి మళ్లీ లోపలికి వెళ్లి ప్రోగ్రాం మొదలుపెట్టింది. పని సాగింది. ఆ అధికారి మళ్లీ ఫోన్ చేశాడు కానీ, ఆఫీసుకు రమ్మన్న మాట ఎత్తలేదు.

సాయంత్రం కోడలు చిక్కుడుకాయలు తుంచుతూ, “రేపు ఏం వండుదాం మామా?” అని అడిగింది. ఏదైనా సరే అన్నాను. నాకు ఆ ప్రశ్నే చాలు.

తుమ్ముకు ఆగుతానని నన్ను చూసి నవ్వేవాళ్లు మాత్రం ఇప్పుడేమంటారో రాయండి.