నీలం లైటు డిస్కులో మా అబ్బాయి గొంతు

మా అబ్బాయి పోయాడని కబురొచ్చినప్పుడు నేను స్పిన్నింగు మిల్లులో నూలు కండెలు తీస్తున్నాను. ఎడ్లపాడు పెళ్ళిలో వీడియో తీస్తూ తీస్తూ కూలబడ్డాడట. గుండె ఆగిందన్నారు. నెల కూడా కాలేదు. ఒకచోట కూర్చోలేకపోతున్నాను. లేస్తాను, బీరువా తీస్తాను, ఎందుకు తీశానో తెలియక మూస్తాను.

చిలకలూరిపేట చుట్టుపక్కల మీ ఇళ్ళలో పెళ్ళి జరిగితే వాడిని చూసే ఉంటారు. అందరినీ తీశాడు గానీ వాడు మాత్రం ఎందులోనూ లేడు.

వాడి చెల్లెలి పెళ్ళికి ఒక డీవీడీ చేసి, మళ్ళీ బ్లూ-రే అని ఇంకో డిస్కు తెచ్చాడు. చూడ్డానికి రెండూ ఒకటే.

"ఇంకోటి ఎందుకురా?"

"డీవీడీలో పట్టక చానా కోసేశానమ్మా. దీంట్లో మొత్తం ఉంది, నా అరుపులతో సహా. మీ మిల్లులో కండె ఒకటే అయినా సన్న నూలు ఎక్కువ చుట్టుకుంటది గదా? డీవీడీకి ఎర్ర లైటు, అది లావు. దీనికి నీలం లైటు, సన్నం. అందుకే ఎక్కువ పట్టుద్ది, బొమ్మ తేటగా ఉంటది."

కొత్త వస్తువు కదా అని దేవుడి దగ్గర పెట్టి, మెరిసే వైపే పసుపు, కుంకుమ బొట్టు పెట్టాను. వాడు తల పట్టుకున్నాడు.

"ఓ నా తల్లో! పెళ్ళికూతురికి పెట్టింది చాల్లేదా? డీవీడీకైతే బొమ్మ డిస్కు మందం మధ్యలో ఉంటది. దీనికి ఈ మెరిసే పైపొర కిందే, గీత పడితే పోద్ది!"

భుజం మీద ఎప్పుడూ ఉండే మెత్తటి గుడ్డతో నడుమ నుంచి అంచుకి మెల్లగా తుడిచాడు. నా కళ్ళద్దాలూ రోజూ ఆ గుడ్డతోనే తుడిచిచ్చేవాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆ డిస్కు మొదటిసారి మా ప్లేయర్‌లో పెట్టాను. ఆడలేదు. తీశాను, పెట్టాను, కొంగుతో తుడిచాను, మళ్ళీ పెట్టాను. వాడి గొంతు ఉన్నది అదొక్కదాంట్లోనే. నా బొట్టే దాన్ని చంపిందనుకున్నాను. మూడు రోజులు ముద్ద దిగలేదు.

చివరికి టీవీలు బాగుచేసే భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. వెలుతురుకి పెట్టి తిప్పి చూశాడు.

"నీ బొట్టుదేం తప్పు లేదమ్మా. మీ ప్లేయర్‌లో ఉంది ఎర్ర లైటే. దానికి బొమ్మ ఉన్న ఈ సన్న గీతలు అందవు. మా అల్లుడి వీడియో గేముల మిషన్‌కి నీలం లైటు ఉంది, ఇంటికి రా."

వాళ్ళింట్లో నేల మీదే కూర్చున్నాను. తెర మీద పందిరి వెలిగింది. డీవీడీలో ఎన్నోసార్లు చూసిన పెళ్ళే. అందులో లేనిది ఇక్కడ వినపడింది.

"అమ్మా, అక్కడ చీకటిగా ఉంది. వెలుగులోకి రా."

తెర మీద నేను విసుక్కుంటూ ఇటు తిరిగాను. "తీసింది చాల్లేరా, వచ్చి అన్నం తిను."

"ఇదొక్కటి తీసి వస్తా."

కెమెరా నా మొహం దగ్గరకు వచ్చి, కదలకుండా అక్కడే ఉంది. నా ముక్కుపుడక మీద పందిరి లైట్లు వణుకుతున్నాయి.