ఎవరూ పోటీకి రాని వేలంపాట

మొన్న ఏడాదికోసారి చేయించుకునే పరీక్షలకు విశాఖ వెళ్తే, మా అమ్మాయి వయసుండే డాక్టరమ్మ నా మెడ తడిమి చూసి, అంతా బాగుందమ్మా, ఇన్నేళ్ళూ ఇంత గట్టిగా ఎలా నిలబడ్డావు అని అడిగింది. మందుల వల్లే తల్లీ అని చెప్పి వచ్చేశాను గానీ, భోగాపురంలో బస్సు దిగేదాకా నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను. ఆ పిల్లకు మా అత్త గొంతు గురించి ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పను?

నా మెడ కింద గడ్డ లేచి, అది లింఫోమా అనే క్యాన్సరని తేలేనాటికి, మా ప్రాంతంలో విమానాశ్రయం కడతారట అన్న మాట అప్పుడప్పుడే పుట్టింది. మాది సముద్రం మీద బతికే ఇల్లు. మా ఆయన వేటకు వెళ్ళేవాడు, నేనూ అత్తా ఒడ్డున వేలంపాటలో చేపల కుప్పలు పాడుకుని, తట్టలకెత్తుకుని ఊళ్ళమ్మట అమ్ముకొచ్చేవాళ్ళం. మన తరం వాళ్ళకు వేరే చెప్పాలా, అలల హోరు మీదుగా అరిచి అరిచి మా ఇళ్ళలో మెల్లగా మాట్లాడటం ఎవరికీ చేతకాదు. ప్రేమొచ్చినా అరుపే, కోపమొచ్చినా అరుపే. మా అత్త నన్ను తిట్టకుండా ఒక్క పూటైనా పొయ్యి వెలిగిందా అంటే నాకు గుర్తులేదు.

కీమో ముగిసి, గడ్డ కరిగిపోయిందని, ఇక నెమ్మదిగా పనులు చేసుకోవచ్చని చెప్పి డాక్టర్లు ఇంటికి పంపారు. వచ్చాక చూద్దును కదా, అది నా ఇల్లులాగే లేదు! అత్త నాతో గుసగుసగా మాట్లాడుతోంది, మంచి ముక్కలన్నీ నా కంచంలోనే వేస్తోంది, మా ఆయనేమో పొద్దున్నే చెమట తుడిచే వంకతో నా మెడ తడిమి చూసి ఊపిరి పీల్చుకుంటున్నాడు. ఒకనాడు ఒళ్ళు మండి, కావాలనే పులుసులో గుప్పెడు ఉప్పు పోశాను. తల్లీకొడుకులిద్దరూ చెంబులకొద్దీ నీళ్ళు తాగుతూ తిని, బాగుంది బాగుంది అన్నారు. జబ్బుకు కూడా అంత భయపడలేదు గానీ, ఆ పూట నాకు నిజంగా భయమేసింది. పోయినవాళ్ళనే కదండీ ఎవరూ ఏమీ అనరు, నన్ను బతికుండగానే వాళ్ళ వరసలో కూర్చోబెట్టేశారు. కాళ్ళలో సత్తువ లేకపోనీ, వేళ్ళు తిమ్మిరెక్కిపోనీ, మళ్ళీ ఒడ్డుకెళ్ళి నా చోట నేను నిలబడాల్సిందేనని పట్టుబట్టాను.

వద్దు వద్దంటూనే అత్త నా వెనకాలే వచ్చింది. పడవలు ఒడ్డుకొచ్చి, ఇసుకలో కానాగంత చేపల కుప్ప పోసి, వేలం వేసే పెద్దాయన పాట మొదలుపెట్టగానే నేను బాగా తక్కువ ధర చెప్పాను. మామూలుగా అయితే పదిమంది ధర పెంచుతూ నా మీద పడిపోవాలి. ఒక్కరు నోరు విప్పితే ఒట్టు! నాతో ఎప్పుడూ జుట్టూ జుట్టూ పట్టుకునేంత పని చేసే వదిన వరసావిడ కూడా, నా తలమీద వేలెడు మొలిచిన జుట్టు చూసి మొహం సముద్రం వైపు తిప్పేసుకుంది. అందరూ కూడబలుక్కుని ఆ కుప్ప నాకు దానం చేసేస్తున్నారు. ఒకటోసారి అన్నాడు పెద్దాయన. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నా పాట మీద నేనే ధర పెంచాను. అయినా ఎవరూ కదల్లేదు. మళ్ళీ పెంచాను, మళ్ళీ పెంచాను.

అప్పుడు లేచింది నా వెనకనుంచి ఆ గొంతు. "ఒసే, మతి గానీ పోనాదేటే నీకు! నీ పాట మీద నువ్వే పెంచుకుంతన్నావేటి, సచ్చినదానా!"

ఒడ్డున ఉన్నవాళ్ళంతా గిరుక్కున అత్త వైపు తిరిగారు. జబ్బు మొదలైన దగ్గర్నుంచీ చావు అన్న మాట నా దరిదాపుల్లో ఎవరూ పలకలేదు మరి. అత్త నాలిక కరుచుకుంది. నేను పకపకా నవ్వేశాను, కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతూనే ఇంకోసారి పెంచాను. ఆ నవ్వు చూసి వదినకు రోషం వచ్చింది కాబోలు, "తప్పుకోయే, ఆ కుప్ప నాది!" అంటూ కొంగు బిగించి వచ్చింది. ఆ తరవాత జరిగిన పాట గురించి ఆ ఒడ్డున చాన్నాళ్ళు చెప్పుకున్నారు. కుప్ప వదినే ఎగరేసుకుపోయింది. నేను ఖాళీ తట్టతో, దారిపొడవునా అత్త చేత తిట్లు తింటూ, పెళ్ళికూతురిలా ఇంటికి నడిచాను.

ఆ మర్నాటి నుంచీ బరువు తగ్గించుకుని, దూరం తగ్గించుకుని, జ్వరం తగిలినప్పుడల్లా లోలోపల వణుకుతూనే మళ్ళీ వ్యాపారం చేశాను, పిల్ల పెళ్ళి చేశాను. ఇప్పుడు ఒడ్డున పాటలు లేవు, ఫోనులో ధర మాట్లాడుకుని వ్యాన్లు వచ్చి చేపలెత్తుకుపోతున్నాయి. అత్త కూడా వెళ్ళిపోయింది. నేను బాగున్నానని ఏటేటా పరీక్షలు చెబుతున్నాయి, అందరూ నాతో మర్యాదగా మాట్లాడుతున్నారు, ఎవరినీ ఏమీ అనడానికి లేదు. కానీ నువ్వు బతికే ఉన్నావే అని నాకు తిట్టి చెప్పిన మనిషి ఒక్కతే, ఆవిడే లేదు.