ఫలక్‌నుమా గుట్ట కింద నీళ్ల కూజా

కొత్త కూజాలో నీళ్లు పోసినప్పుడు వచ్చే మట్టివాసనకు నా నాలుక ఇప్పటికీ పిడచకట్టుకుపోతుంది.

చిన్నప్పుడు హుస్సేనీ ఆలం నుంచి ఫలక్‌నుమా గుట్ట దాకా మా బడి జట్టు పరుగెత్తేది. డ్రిల్లు మాస్టారు సైకిలు మీద వెంట వచ్చేవారు. గుట్ట కింద మా కోసం ముందే కూజాతో నీళ్లు పెట్టించేవారు.

"ఆఖరోడు వచ్చేదాంక ఎవ్వడూ నీళ్లు ముట్టొద్దు. సమజైందా బేటా?" ఆయన నియమాల్లో అన్నిటికన్నా గట్టిది అదే.

ఆ రోజు నేనెంత జోరుగా ఉరికానంటే, నా నీడ కూడా నన్ను అందుకోలేక దారిలోనే ఆగిపోయింది. కూజా పక్కన ఒక్కణ్ణే కూర్చున్నాను. తడిమట్టి వాసన ముక్కుకు కొడుతున్నా చెయ్యి చాపలేదు. నేను నియమం తప్పకపోతే వాళ్లు వచ్చి తీరాల్సిందేనని నా నమ్మకం. గుట్ట మీద ఎండ పోయింది. ఎవరూ రాలేదు. నీళ్లు తాగకుండానే ఇంటికి నడిచాను.

మాస్టారి సైకిలు పంక్చరై అందరినీ సగం దారిలోనే వెనక్కి తిప్పారని మర్నాడు తెలిసింది.

"అరే, నువ్వు గూడ మాతోనే వాపస్ వచ్చినవ్ గదరా?" అన్నాడు బడిలో నా పక్కనే కూర్చునే రహీం.

నేను వాడి వైపు తిరిగాను.

"లేదు భాయ్. గుట్ట మీదికెల్లి చిరుత దిగింది. నా పక్కనే కూసుంది. అది సుత నీళ్లు ముట్టలే."

"ఝూట్!" అంటూనే అందరూ నా చుట్టూ మూగారు.

ఇప్పుడు చెప్పినా నవ్వుతారు. చిరుత రాలేదని చెప్పాలంటే, ఆ సాయంత్రం అక్కడ ఇంకొకరు ఉండాలి కదా.